తూలూజ్ నుంచి చెన్నైకి నాలుగేళ్ళు: కాన్సులేట్‌లో నమోదు చేయించుకోవాలా, అక్కర్లేదా?

సింహపురి_సుధ
అందరికీ నమస్కారం. మా కంపెనీ నన్ను చెన్నైకి పంపిస్తోంది, నాలుగేళ్ళు తప్పదంటున్నారు. నాకూ పిల్లలకీ ఫ్రెంచ్ పాస్‌పోర్టులు, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డులు ఉన్నాయి. మావారిది ఇండియన్ పాస్‌పోర్టే, ఇక్కడ ఫ్రాన్స్‌లో పదేళ్ళ రెసిడెంట్ కార్డు మీద ఉన్నారు. బాబుకి పదిహేను నిండాయి, పాపకి తొమ్మిది. అత్తగారిది నెల్లూరు కాబట్టి అక్కడికి వెళ్ళాక ఇబ్బంది లేదు. నా భయమంతా ఇక్కడి కాగితాల గురించే. విదేశాల్లో స్థిరపడే ఫ్రెంచ్ వాళ్ళు కాన్సులేట్ రిజిస్టర్‌లో పేరు రాయించుకోవాలని ఆఫీసులో ఒకరన్నారు. ఇది తప్పనిసరా? ఇక్కడుండగానే చేసుకోవాలా, వెళ్ళాకా? చేయించుకోకపోతే ఏమవుతుంది? వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

గోదారోడు_లియాన్
తప్పనిసరి కాదండీ, పైసా ఖర్చు కూడా లేదు. ఫ్రాన్స్ బయట ఆరు నెలలకు మించి ఉండే ఫ్రెంచ్ పౌరులెవరైనా చేయించుకోవచ్చు. సర్వీస్ పబ్లిక్ అనే ఫ్రెంచ్ ప్రభుత్వ సైట్‌లో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. గుర్తింపు కార్డో పాస్‌పోర్టో, ఫొటో, ఆ దేశంలో మీ చిరునామాకి రుజువు, ఈ మూడే అడుగుతారు. చిరునామా రుజువు కావాలి కాబట్టి చెన్నైలో ఇల్లు కుదిరాకే. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లాంటివి పనికొస్తాయి. ఒకసారి చేస్తే ఐదేళ్ళు ఉంటుంది.

ఆరు నెలల లోపు తిరుగుళ్ళకైతే ఇది కాదు, ఆరియాన్ అని వేరే సైట్ ఉంది. రెండూ ఒకటే అనుకుని చాలామంది ఆరియాన్‌లో పేరిచ్చేసి పని అయిపోయిందనుకుంటారు.

సందేహాలరాయుడు
తప్పనిసరి కానప్పుడు ఎందుకండీ ఈ తలనొప్పి? నేను దోహాలో ఐదారేళ్ళున్నాను, ఏ రిజిస్టర్‌లోనూ లేను. ఎవరూ అడగలేదు, ఏమీ ఆగలేదు. పాస్‌పోర్టు అయిపోతే సెలవుల్లో ఫ్రాన్స్ వచ్చినప్పుడు మేరీలో (మునిసిపల్ ఆఫీసులో) ఇచ్చేశాను. ప్రభుత్వానికి మన చిరునామా, ఫోను, మెయిలు మనంతట మనమే అప్పజెప్పడం దేనికో నాకు అర్థం కాదు. పైగా ఇందులో చేరితే పన్నువాళ్ళు కూడా వెంటపడతారని విన్నాను.

లెక్కల_పద్దు
రాయుడుగారూ, ఆ పన్నుల మాట మాత్రం వట్టిది. కాన్సులేట్‌లో పేరున్నంత మాత్రాన ఫ్రాన్స్‌లో పన్ను పడదు, పేరు లేనంత మాత్రాన తప్పదు. మీ ఇల్లు, ఉద్యోగం, సంపాదన ఏ దేశంలో ఉన్నాయన్నదాన్ని బట్టే పన్ను నివాసం తేలుతుంది. ఆ పైన భారత్, ఫ్రాన్స్ మధ్య 1992లో కుదిరిన పన్నుల ఒప్పందం ఉంది. రిజిస్టర్ ఒక దారి, పన్నుల శాఖ ఇంకో దారి. ఒకచోట చిరునామా మార్చితే రెండోచోట మారదు, రెండూ విడివిడిగా చెప్పాల్సిందే.

సుధగారూ, ఆ పన్నుల దారి గురించి వేరే రాస్తాను, కాస్త పొడుగుంటుంది.

యానాం_తాతయ్య
అమ్మా సుధా, నేను పుట్టుకతో ఫ్రెంచివాణ్ణి, మాట మాత్రం గోదారి మాటే. 1962 ఆగస్టు 16న మా యానాన్ని ఇండియాలో కలిపిన విలీన ఒప్పందం అమల్లోకి వచ్చాక, ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలిచినవాళ్ళు ఆరు నెల్లలోపు రాతపూర్వకంగా చెప్పాలన్నారు. మా నాన్న వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. పక్కింటాయన పెట్టలేదు. అంతే, ఒకే వీధిలో ఓ ఇల్లు ఫ్రాన్సు, ఓ ఇల్లు ఇండియా. ఆయన మనవళ్ళు ఇప్పటికీ మమ్మల్ని చూసి మీ నాన్న తెలివైనోడు అంటారు. తెలివి కాదు, ఆ రోజు ఖాళీగా ఉన్నాడంతే!

రాయుడుగారు ఎవరూ అడగలేదన్నారు. కుర్రతనంలో ఎవరూ అడగరు బాబూ. నేను ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను తీసుకుంటున్నాను. బతికే ఉన్నానని ఏటా సర్టిఫికెట్ పంపాలి, లేకపోతే పింఛను ఆగిపోతుంది. ఇదివరకు ఒక్కో పింఛను సంస్థకి ఒక్కోటి పంపేవాళ్ళం, ఇప్పుడు అన్నిటికీ కలిపి ఒక్కటే. ఫోన్‌లో ముఖం చూపించి పంపే యాప్ కూడా వచ్చింది, మనవరాలు చేసిపెడుతోంది. అంతకుముందు సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాండిచ్చేరి దారి పట్టాల్సిందే. మాది పుదుచ్చేరి కిందే కాబట్టి మా కాన్సులేటు అక్కడే, మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ఆంధ్రా, తమిళనాడు! నీకు చెన్నై నుంచైతే మూడు నాలుగు గంటల ప్రయాణం. తమిళనాడంతా పాండిచ్చేరి కాన్సులేట్ జనరల్ కిందికే వస్తుంది.

రిజిస్టర్‌లో ఉంటే మన కాగితాలన్నీ వాళ్ళ దగ్గర ఒక ఫైల్లో ఉంటాయి. పాస్‌పోర్టుకో ఇంకోదానికో వెళ్ళినప్పుడు అదెక్కడ ఇదెక్కడ అని మొదట్నుంచీ అడగరు. నీకు నాలుగేళ్ళు గనక పింఛను గొడవ లేదనుకో, పిల్లలున్నారుగా.

సింహపురి_సుధ
తాతయ్యగారూ, మీ వీధి కథ చదివి మావారికి కూడా చదివి వినిపించాను. చాలా థాంక్సండీ.

లెక్కల పద్దుగారూ, మీ పొడుగు పోస్టు కోసం చూస్తున్నాను. తూలూజ్‌లో మాకో చిన్న ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చి వెళ్దామనుకుంటున్నాం.

లెక్కల_పద్దు
ఇదిగోండి. తీరిగ్గా చదవండి.

ముందు మీ కంపెనీ హెచ్‌ఆర్‌ని ఒక ప్రశ్న అడగండి: నన్ను డిటాషే కింద పంపుతున్నారా, ఎక్స్‌పాట్రియే కిందా, లేక చెన్నై కంపెనీతో లోకల్ కాంట్రాక్టా? మాటలు దగ్గరగా ఉన్నా కథ పూర్తిగా వేరు. డిటాషే అయితే ఫ్రాన్స్ సామాజిక భద్రతలోనే కొనసాగుతారు. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2011 జూలై నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఐదేళ్ళ దాకా ఫ్రాన్స్‌లోనే కట్టుకుంటూ, ఇండియాలో పీఎఫ్ కట్టక్కర్లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మీరు చెప్పిన నాలుగేళ్ళకి అది సరిపోతుంది. మిగతా రెండిట్లో ఏదైనా అయితే ఫ్రాన్స్ ఆరోగ్య బీమా ఆగిపోతుంది, కార్త్ వితాల్ (ఆరోగ్య బీమా కార్డు) పనిచేయదు. ఆరోగ్య బీమా ఆఫీసుకి వెళ్తున్నట్టు మీరే చెప్పాలి. కావాలనుకుంటే సీఎఫ్‌ఈ అని విదేశాల్లోని ఫ్రెంచ్ వాళ్ళ కోసం ఒక సంస్థ ఉంది, మెలన్ దగ్గర రూబెల్‌లో. సొంత డబ్బుతో దాన్లో చేరొచ్చు. కాన్సులేట్‌లో నమోదు చేయించుకుంటే బీమా కూడా వచ్చేస్తుందని కొందరు అనుకుంటారు. రాదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

పన్నుల విషయానికొద్దాం. వెళ్ళే ముందు పన్నుల సైట్‌లో మీ ఖాతాలోకి వెళ్ళి కొత్త చిరునామా, వెళ్ళే తేదీ ఇవ్వండి. మరుసటి వసంతంలో వెళ్ళిన ఏడాది రిటర్న్ వేస్తారు కదా, అందులో జనవరి నుంచి వెళ్ళిన రోజు దాకా మీ మొత్తం ఆదాయం చూపాలి. ఆ తర్వాతి నెలలకి ఫ్రాన్స్‌లో పుట్టిన ఆదాయం మాత్రమే, మీ విషయంలో ఫ్లాట్ అద్దె. దానికి 2042 ఎన్‌ఆర్ అనే ఫారం ఉంటుంది. ఆపైన మీ ఫైలు నువాజీ లె గ్రాన్‌లో ఉన్న నాన్ రెసిడెంట్ల పన్ను కార్యాలయానికి వెళ్తుంది. అద్దె మీద తక్కువలో తక్కువ 20 శాతం వేస్తారు, సామాజిక పన్నులు అదనం. అయితే ప్రపంచం మొత్తం మీద మీ ఆదాయం చూపించి, సగటు రేటు వేయండని అడిగే హక్కు ఉంది. అడగనివాళ్ళే ఎక్కువ. తాక్స్ ఫాన్సియేర్, అంటే ఇంటి ఆస్తి పన్ను, ఎలాగూ మీదే.

ఇంకొకటి, మనవాళ్ళకి ప్రత్యేకం. ఫ్రాన్స్ నివాసిగా ఉన్నంతకాలం ఇండియాలో ఉన్న ప్రతి బ్యాంకు ఖాతానీ, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ, పెళ్ళికి ముందు నాన్నగారు తెరిచిన సేవింగ్స్ ఖాతాతో సహా, ఏటా 3916 ఫారంలో చూపాలి. చూపని ఒక్కో ఖాతాకీ ఏడాదికి 1,500 యూరోల జరిమానా. వెళ్ళిపోయే ఏడాది రిటర్న్‌లో కూడా ఇది ఉండాలి. మావి చిన్న ఖాతాలే కదా అని ఇక్కడ చాలామంది అంటూ ఉంటారు. ఖాతాలో రూపాయే ఉన్నా చూపాల్సిందే.

చివరిగా, మీ ఫ్రెంచ్ ఫోన్ నంబర్ పోనివ్వకండి. నెలకి రెండు యూరోల ప్లాన్‌లో పెట్టి సిమ్ వెంట తీసుకెళ్ళండి. బ్యాంకు కోడ్ దానికే వస్తుంది, చాలా సైట్ల కోడూ దానికే వస్తుంది. అది పోయిందంటే పైన రాసినవన్నీ ఫోన్లో ఎదురుచూస్తూ చేసుకోవాలి.

గోదారోడు_లియాన్
పద్దుగారూ మీరు డబ్బులు తీసుకోవాలి ఈ పోస్టుకి 🙏

మధ్యవర్తి
ఒక చిన్న మనవి. ఇద్దరు సభ్యులు తమ పాస్‌పోర్ట్ పేజీల ఫొటోలు పెట్టారు, తీసేశాం. నంబర్లు, చిరునామాలు ఇక్కడ పెట్టకండి. చర్చ కానివ్వండి.

గుంటూరు_దుబాయ్
ఆలస్యంగా చూశాను. నమోదుతో ఉపయోగం లేదన్న మాటకి నేను జవాబు చెప్పాలి. మావారు బ్రెతాన్ ఆయన, నేను గుంటూరు అమ్మాయిని. పెళ్ళయినప్పట్నుంచీ దుబాయ్‌లోనే ఉన్నాం, నేను ఫ్రాన్స్‌లో ఎప్పుడూ కాపురం చేయలేదు.

ఫ్రెంచ్ సివిల్ కోడ్‌లో 21-2 అని ఒక నిబంధన ఉంది. ఫ్రెంచ్ పౌరుణ్ణి పెళ్ళాడినవాళ్ళు నాలుగేళ్ళు కలిసి కాపురం చేశాక పౌరసత్వం కోరుతూ డిక్లరేషన్ ఇవ్వొచ్చు. అయితే పెళ్ళయ్యాక మూడేళ్ళు ఎడతెగకుండా ఫ్రాన్స్‌లో ఉన్నట్టు చూపలేనివాళ్ళకి ఆ గడువు ఐదేళ్ళవుతుంది. విదేశంలో కాపురమున్న కాలమంతా ఆ ఫ్రెంచ్ జీవిత భాగస్వామి పేరు ఈ రిజిస్టర్‌లో ఉన్నట్టు రుజువుంటే మాత్రం నాలుగేళ్ళే. అంటే రాయుడుగారు దేనికీ పనికిరాదన్న ఆ కాగితం నాకు ఒక ఏడాది విలువ! మావారు దుబాయ్ వచ్చిన కొత్తలోనే పేరు రాయించుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఇంకో మాట. పెళ్ళి ఇండియాలో జరిగితే ఆ పెళ్ళిని ఫ్రెంచ్ రికార్డుల్లోకి ఎక్కించుకోవాలి, లేకపోతే డిక్లరేషన్ తీసుకోరు. పెళ్ళికి ముందే కాన్సులేట్ నుంచి వివాహ యోగ్యత సర్టిఫికెట్ తెచ్చుకుంటే తర్వాత ఈ పని తేలిక. మాకు గుంటూరులో ముహూర్తం ముందే పెట్టేశారు, కాన్సులేట్‌లో పెళ్ళి ప్రకటన పది రోజులు అంటించి ఉంచాలని చెప్తే మా పెదనాన్న పంచాంగం పట్టుకుని కూర్చున్నారు.

సందేహాలరాయుడు
ఇది నాకు నిజంగా తెలియదండీ. నేనూ నా భార్యా ఇద్దరం ఫ్రెంచ్ పౌరులమే కాబట్టి మాకు ఆ అవసరం రాలేదు. సరే, మీలాంటివాళ్ళకి ఉపయోగమే, ఒప్పుకుంటున్నాను.

కానీ నా రెండో మాట మీద ఉన్నాను. పేరిస్తే ఓటర్ల జాబితాలో కూడా వేసేస్తారు. ఆ జాబితా అభ్యర్థుల చేతికి వెళ్తుంది, మెయిల్ అడ్రస్‌లతో సహా. మా బావమరిది ఇన్‌బాక్స్ ఎన్నికలప్పుడు చూడాలి!

గోదారోడు_లియాన్
అది నిజమే, కాదనను. కానీ నమోదు చేసేటప్పుడే ఓటర్ల జాబితాలో వద్దు అని చెప్పే వీలుంది.

అయితే సుధగారూ, ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. 2019కి ముందు మన మేరీ జాబితాలోనూ కాన్సులేట్ జాబితాలోనూ రెండుచోట్లా పేరుండొచ్చు. ఇప్పుడు ఒక్కచోటే. కాన్సులేట్ జాబితాలో చేరితే తూలూజ్‌లో మీ పేరు దానంతటదే పోతుంది. తిరిగొచ్చాక మళ్ళీ మేరీలో చేర్పించుకోవాలి, మీ తరఫున ఎవరూ చేయరు. వెనక్కొచ్చిన కొత్తలో నా స్నేహితుడొకడు ఓటెయ్యడానికి వెళ్ళి జాబితాలో పేరు కోసం వెతుక్కున్నాడు.

విదేశాల్లోని ఫ్రెంచ్ వాళ్ళకి పార్లమెంట్‌లో 11 మంది డిప్యూటీలున్నారు (మన ఎంపీల్లాంటివాళ్ళు), 2012 నుంచి.

యానాం_తాతయ్య
పదకొండు మంది సరే, మన ఇండియా కూడా పదకొండో నియోజకవర్గమే నాయనా. ఆసియాలో చాలా దేశాలు, ఓషియానియా కలిపి ఒక్కడు. ఆయన మా యానాం ఎప్పుడొస్తాడు పాపం. ఇంటర్నెట్‌లో ఓటేసే వీలుంది పార్లమెంటు ఎన్నికలకీ, కాన్సులర్ కౌన్సిలర్ల ఎన్నికలకీ. మెయిలూ ఫోనూ సరిగ్గా ఉంటేనే కోడ్ వస్తుంది. అధ్యక్ష ఎన్నికకి మాత్రం బూత్‌కి వెళ్ళాలి, లేదా నమ్మకమైనవాడికి ప్రొక్యూరేషన్, అంటే మన బదులు ఓటేసే అధికారం, ఇయ్యాలి.

సింహపురి_సుధ
ఇన్ని విషయాలున్నాయని తెలియదు. హెచ్‌ఆర్‌ని అడిగాను, డిటాషేనే అన్నారు, కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఇంకో రెండు అడగాలి. మావారి పదేళ్ళ కార్డు సంగతి ఏంటి? నాలుగేళ్ళు బయటుంటే ఉంటుందా పోతుందా? ఆయనకి పౌరసత్వం మార్చుకోవడం ఇష్టం లేదు, నెల్లూరు దగ్గర మామగారి పొలం ఉంది, పోతుందేమోనని. రెండోది, బాబుకి అక్కడే పదహారు నిండుతాయి, వాడికి మిలిటరీ వాళ్ళ పేపరేదో ఉంటుందట కదా?

గుంటూరు_దుబాయ్
ఓసీఐ అయినవాళ్ళు కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు కానీ ఉన్నది పోదు, వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. ఆ ఒక్క భయంతోనే ఆగితే ఆయనకి చెప్పండి. మీ పెళ్ళయి చాలా ఏళ్ళయింది, ఆయన మూడేళ్ళకి మించి ఫ్రాన్స్‌లో ఉన్నారు, నాలుగేళ్ళ లెక్క ఎప్పుడో దాటేశారు. చెన్నై వెళ్ళాక కూడా కాన్సులేట్ ద్వారా డిక్లరేషన్ ఇవ్వొచ్చు. మీరు అక్కడ నమోదై ఉంటే 21-2 గురించి ప్రశ్నే రాదు. ఇష్టం లేకపోతే అది వేరే సంగతి, పాస్‌పోర్ట్ వదులుకోవడం అందరికీ ఒక్కలా ఉండదు.

లెక్కల_పద్దు
కార్డు గురించి. వరసగా మూడేళ్ళు దాటి బయట నివసిస్తే పదేళ్ళ రెసిడెంట్ కార్డు చెల్లదు. మీది నాలుగేళ్ళు. ఆ మూడేళ్ళ గడువు పొడిగించమని వెళ్ళే ముందైనా, అక్కడున్నప్పుడైనా అడగొచ్చని చట్టంలోనే ఉంది. నా సలహా వెళ్ళే ముందే ప్రెఫెక్చర్‌కి (కార్డులిచ్చే జిల్లా ప్రభుత్వ ఆఫీసుకి) రాతలో అడగండి, అందినట్టు రసీదు దాచండి. వేసవి సెలవులకి వచ్చిపోతే చాలులే అనే ధీమా మాత్రం వద్దు, నివాసం ఎక్కడన్నదే చూస్తారు.

గోదారోడు_లియాన్
బాబు గురించి నేను చెప్తాను, మా అమ్మాయికి ఈమధ్యే అయింది. పదహారు నిండిన రోజు నుంచి మూడు నెలల్లోపు సెన్సస్, అంటే మీరడిగిన ఆ మిలిటరీ నమోదు, చేయించాలి, అబ్బాయిలైనా అమ్మాయిలైనా. ఫ్రాన్స్‌లో అయితే మేరీలో, బయటుంటే కాన్సులేట్‌లో. ఆ సర్టిఫికెట్ లేకుండా బాక్ (స్కూలు చదువు చివర రాసే) పరీక్షకీ, ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సుకీ పేరివ్వలేరు. ఆ తర్వాత డిఫెన్స్ డే పిలుపొస్తుంది, దాని కాగితం ఇరవై ఐదేళ్ళ దాకా అడుగుతుంటారు. కాన్సులేట్‌లో కుటుంబమంతా ఒకే ఫైల్లో ఉంటే ఈ పని చిన్నది.

చదువు ఎక్కడనుకుంటున్నారు? పాండిచ్చేరిలో ఫ్రెంచ్ లీసే (హైస్కూలు) ఉంది, 1826 నాటిది. కానీ రోజూ చెన్నై నుంచి తిరగలేడు. సీఎన్‌ఈడీ దూరవిద్య ఇంకో దారి. ఫ్రెంచ్ స్కూల్లో వేస్తే ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఉంటుంది. దానికి మాత్రం రిజిస్టర్‌లో పేరు లేకపోతే దరఖాస్తే తీసుకోరు.

సింహపురి_సుధ
పాపని చెన్నైలో మామూలు స్కూల్లో వేస్తాం. బాబు సంగతే తేలలేదు, వాడేమో హాస్టల్ అంటున్నాడు.

మరి పాస్‌పోర్టులు? బాబుది వచ్చే ఏడాది మధ్యలో అయిపోతుంది.

యానాం_తాతయ్య
ఫ్రాన్సులోనే చేయించుకుని రా తల్లీ. కాన్సులేట్‌లో పెద్దవాళ్ళకి 96 యూరోలు, అక్కడ మేరీలో 86. పదిహేను నిండిన పిల్లలకి 52, మేరీలో 42. పది యూరోల కోసం చెప్పట్లేదు. వేలిముద్రలకి పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాలి కదా, స్కూలు మానిపించి పాండిచ్చేరి తిప్పడం ఎందుకు. గడువు దగ్గరపడింది కనుక ఇప్పుడే తీసుకుంటారు.

గుంటూరు_దుబాయ్
కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన మూడు నెలల్లోపు ఓసీఐ సైట్‌లో దాని కాపీ, కొత్త ఫొటో ఎక్కించాలి, మర్చిపోకండి. చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో బాబు ఓసీఐలో పాత నంబర్, చేతిలో కొత్త పాస్‌పోర్ట్ ఉంటే ప్రశ్నలు వేస్తారు. కొన్నాళ్ళ దాకా పాత పాస్‌పోర్ట్ కూడా వెంటబెట్టుకోండి. ఓసీఐ ఉంది కాబట్టి మీకూ పిల్లలకీ విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళే పని లేదు.

సందేహాలరాయుడు
సుధగారూ, తిరిగొచ్చేటప్పుడు సామాను కంటైనర్‌లో తెస్తారా? అలాగైతే నేనే చెప్తాను, నమోదు చేయించుకోండి. ఏడాదికి పైగా యూరప్ బయట ఉన్నట్టు చూపితే వాడిన ఇంటి సామాను మీద కస్టమ్స్ సుంకం వేయరు. దానికి నివాసం మార్చుకున్నట్టు కాన్సులేట్ ఇచ్చే సర్టిఫికెట్ బాగా పనికొస్తుంది. రిజిస్టర్‌లో లేను కాబట్టి నేను దోహా నుంచి అద్దె రసీదులు, జీతం కాగితాలు కట్టలు కట్టి చూపించాల్సొచ్చింది.

గోదారోడు_లియాన్
రాయుడుగారూ!! ఇది మొదటి పోస్టులోనే చెప్పొచ్చు కదండీ 😄

సందేహాలరాయుడు
అప్పుడు ఎవరూ సామాను గురించి అడగలేదు మరి.

సింహపురి_సుధ
ఈ శనివారం బాబు పాస్‌పోర్టుకి మేరీలో అపాయింట్‌మెంట్ దొరికింది. ప్రెఫెక్చర్‌కి మావారి ఉత్తరం రాస్తున్నాను. చెన్నైలో అద్దె ఒప్పందం మా ఆయన పేరు మీద రాస్తానంటున్నారు ఇంటి ఓనరు. నమోదుకి అది పనికొస్తుందా, నా పేరుండాలా?

గుంటూరు_దుబాయ్
ఇద్దరి పేర్లూ రాయించండి. ఓనరు ఒప్పుకోకపోతే కరెంటో ఇంటర్నెట్టో మీ పేరు మీద తీసుకోండి, లేదా చిరునామాతో ఆఫీసు లెటర్ అడగండి. మావారూ నాతో ఇలాగే గొడవపడి చివరికి ఇంటర్నెట్ బిల్లు పెట్టారు.